సెక్రిటిన్
సెక్రిటిన్ అనేది చిన్నపేగు తొలి భాగమైన ఆంత్రమూలంలోని ఎస్ కణాలు రక్తంలోకి విడుదల చేసే, 27 అమైనో ఆమ్లాలున్న హార్మోన్. క్లోమరసం ఊరడాన్ని నియంత్రించే ప్రధాన సంకేతాల్లో ఇదొకటి.

జీర్ణరసాలపై పెత్తనమంతా నరాలదేనని రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ బృందం భావించేది. 1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఆ భావనను పరీక్షకు పెట్టారు. మత్తులో ఉన్న కుక్క చిన్నపేగులో ఒక భాగానికి నరాలు తెంచి, రక్తనాళాలు మాత్రం ఉంచి, అందులో పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారు. క్లోమరసం ఊరింది! పేగు లోపలి పొరను గీకి, ఇసుకతో, ఆమ్లంతో నూరి, వడగట్టి సిరలోకి ఎక్కించినా అదే ఫలితం వచ్చింది. అంటే సంకేతం నరాల ద్వారా కాక రక్తం ద్వారా చేరింది; దాన్ని మోసిన పదార్థమే సెక్రిటిన్. ఇలాంటి పదార్థాలకు ‘హార్మోన్’ అనే పేరును స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు.

జీర్ణాశయం నుంచి వచ్చే ఆహారం వల్ల ఆంత్రమూలంలో పీహెచ్ సుమారు 4.5 కంటే తగ్గితే సెక్రిటిన్ విడుదలవుతుంది. దాంతో క్లోమనాళ కణాలు బైకార్బొనేట్ నిండిన నీటిలాంటి రసాన్ని వదులుతాయి. జీర్ణాశయంలో ఆమ్లం ఊరడం తగ్గుతుంది. ఆమ్లం విరిగాక సెక్రిటిన్ కూడా తగ్గుతుంది. క్లోమ ఎంజైముల విడుదల మాత్రం ముఖ్యంగా కొవ్వులు, ప్రోటీన్లకు స్పందించే కొలిసిస్టోకైనిన్ అనే మరో హార్మోన్ పని.

క్లోమం పనితీరు పరీక్షలో సెక్రిటిన్ ఇంజెక్షన్ వాడతారు. గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను వదిలే గ్యాస్ట్రినోమా కణితి ఉన్నవారిలో ఆ ఇంజెక్షన్ గ్యాస్ట్రిన్‌ను తగ్గించకపోగా పెంచుతుంది. ఆ విపరీత స్పందనే రోగ నిర్ధారణకు ఆధారం.