ఆ మఠాల పైకప్పు ఏమైంది? యార్క్‌షర్ కథ

ఈ రోజు ఒక ఫొటోతో స్టార్ట్ చేద్దాం. స్క్రీన్ మీద చూడండి. పచ్చటి గడ్డి, మధ్యలో ఆకాశాన్ని తాకుతున్నట్టు రాతి గోడలు, పక్కన ఒక చిన్న నది. కిటికీలున్నాయి, వాటికి అద్దాల్లేవు. లోపల నిలబడి తలెత్తితే మబ్బులు కనిపిస్తాయి. ఇది ఇంగ్లండ్ ఉత్తర భాగంలో, యార్క్‌షర్ కౌంటీలో ఉన్న ఫౌంటెన్స్ అబీ. అబీ అంటే పెద్ద క్రైస్తవ మఠం.

ఇలాంటి ఫొటో చూడగానే మనం ఏమనుకుంటాం? పాతది కదా, వానకీ గాలికీ కూలిపోయి ఉంటుందిలే అనుకుంటాం. నేనూ అదే అనుకున్నా. కానీ గోడలు చూడండి, ఎంత గట్టిగా నిలబడి ఉన్నాయో. పోయింది పైకప్పు. అదే కౌంటీలో రీవో అబీ చూడండి, సముద్రం ఒడ్డున విట్బీ చూడండి, లీడ్స్ సిటీలో ఉన్న కర్క్‌స్టాల్ చూడండి. అన్నిటికీ పైకప్పు లేదు. లీడ్స్‌లో చదువుకుంటున్న మనవాళ్లు ఈ కర్క్‌స్టాల్ ముందు ఫొటోలు దిగే ఉంటారు. ఇన్ని చోట్లా వాన సరిగ్గా పైకప్పునే తీసుకెళ్లిందా? లేదు. మనుషులు నిచ్చెనలేసుకుని ఎక్కి విప్పేశారు. ఎవరు, ఎందుకు అనేదే ఈ ఎపిసోడ్.

దానికంటే ముందు ఇవి ఎలా పుట్టాయో తెలియాలి, లేకపోతే ఆ విప్పేయడం అర్థం కాదు.

1132లో యార్క్ సిటీలో సెయింట్ మేరీస్ అని ఒక బాగా డబ్బున్న మఠం ఉండేది. అందులో కొంతమంది సన్యాసులకి ఒక ఇబ్బంది. పేదరికంలో బతుకుతామని ప్రమాణం చేసి, ఇంత సుఖంగా బతుకుతున్నామేంటి అని. గొడవ ముదిరింది. ఆర్చిబిషప్ థర్‌స్టన్ సర్దిచెప్పడానికి వస్తే అక్కడ తోపులాట జరిగింది. ఆయన ఆ పదమూడు మందినీ తనతో తీసుకెళ్లిపోయి, డిసెంబర్ చలిలో స్కెల్ నది లోయలో కొంచెం భూమి ఇచ్చాడు. మనుషులు తిరగని చోటు. ఒక చెట్టు కిందే తలదాచుకున్నారనీ, తిండి లేక ఆకులు ఉడకబెట్టుకుని తిన్నారనీ వాళ్ల మఠం చరిత్రలోనే రాసుకున్నారు. కొద్దికాలానికే వాళ్లు సిస్టర్షియన్ అనే కఠిన నియమాల శాఖలో చేరారు. అదే ఫౌంటెన్స్ అబీ. రీవో కూడా అదే ఏడాది మొదలైంది.

ఇప్పుడు ట్విస్ట్ చూడండి. డబ్బు వద్దని పారిపోయిన ఈ పదమూడు మంది మొదలుపెట్టిన మఠం, తర్వాత ఇంగ్లండ్‌లోని సిస్టర్షియన్ మఠాలన్నిట్లో ధనిక మఠం అయింది. ఎలా అంటే, ఉన్ని.

యార్క్‌షర్ కొండలు వ్యవసాయానికి అంత బాగుండవు, గొర్రెలకి బ్రహ్మాండంగా ఉంటాయి. పుణ్యం కోసం జమీందార్లు ఆ కొండలు మఠానికి రాసిచ్చారు, మన దగ్గర దేవుడి మాన్యం రాసిచ్చినట్టు. మరి సన్యాసులు రోజంతా ప్రార్థనలో ఉంటే గొర్రెల్ని ఎవరు కాస్తారు? దానికి లే బ్రదర్స్ అని ఇంకో వర్గం ఉండేది. వాళ్లూ ప్రమాణం చేసినవాళ్లే, కానీ చదువు లేదు, ప్రార్థన తక్కువ, పని ఎక్కువ. 1160ల్లో రీవోలో సన్యాసులు 140 మంది ఉంటే, ఈ లే బ్రదర్స్, పనివాళ్లు కలిపి 500 మంది అని అక్కడి సన్యాసే ఒకాయన రాశాడు. ఫౌంటెన్స్‌లో వీళ్ల కోసం కట్టిన భవనం పొడవు దాదాపు 90 మీటర్లు. పైన పడక, కింద భోజనం, సరుకు నిల్వ. మఠానికి ఆధ్యాత్మికత ఒక ఫ్లోర్‌లో, ప్రొడక్షన్ ఇంకో ఫ్లోర్‌లో నడిచినట్టన్నమాట.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకెళ్తే అది మోసం అవుతుంది. ఏకాంతం కావాలని వచ్చిన ఈ సన్యాసులు, ఏకాంతం లేని చోట దాన్ని తయారుచేసుకున్నారు. బైలాండ్ అనే ఊరికి 1140ల్లో సన్యాసులు వచ్చినప్పుడు, అక్కడున్న ఊరినే ఖాళీ చేయించి జనాన్ని కొంచెం దూరంలో కొత్త చోటికి మార్చారు. అది ఒక్క బైలాండ్ కథే కాదు, గొర్రెల పొలాల కోసం లేపేసిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. కాబట్టి వీళ్లని పాపం సాధువులు అని చూడటం నాకు కుదరదు.

ఉన్ని బిజినెస్ ఎంత దూరం వెళ్లిందంటే, గొర్రెల ఒంటి మీద ఇంకా పెరగని ఉన్నిని కూడా ఇటలీ వ్యాపారులకి ముందే అమ్మేసి అడ్వాన్స్ తీసుకునేవాళ్లు. 1270ల్లో గొర్రెలకి తెగులొచ్చింది. ఉన్ని లేదు, అడ్వాన్స్ మాత్రం ఖర్చయిపోయింది. 1291 నాటికి ఫౌంటెన్స్ అప్పు ఆరు వేల పౌండ్లు దాటింది. ఆ తర్వాత స్కాట్లాండ్ సైన్యాల దాడులు, 1348లో మొదలైన ప్లేగు. లే బ్రదర్స్ అనే వ్యవస్థే దాదాపు మాయమైపోయింది. మఠాలు పొలాలు కౌలుకిచ్చి అద్దెల మీద బతకడం మొదలుపెట్టాయి.

అలాగని అంతా అద్దెలూ అప్పులే కాదు. 1398లో మౌంట్ గ్రేస్ అని ఒక మఠం పెట్టారు. అక్కడ ఒక్కో సన్యాసికి సొంతంగా రెండంతస్తుల చిన్న ఇల్లు, వెనక తోట, పైపుల్లో నీళ్లు. రోజులో ఎక్కువ భాగం ఒంటరిగానే. భోజనం గోడలో ఉన్న ఒక రంధ్రంలో పెడతారు. ఆ రంధ్రం వంకరగా తిరిగి ఉంటుంది, తెచ్చినవాడి ముఖం కూడా కనిపించకూడదని. నో కాంటాక్ట్ డెలివరీ వీళ్లే కనిపెట్టారు. ఇంగ్లిష్‌లో మొదటి ఆత్మకథగా చెప్పే మార్జరీ కెంప్ పుస్తకం చేతిరాత ప్రతి ఈ మఠంలోనే ఉండేది. తర్వాత అది ఎటుపోయిందో లోకానికి తెలియలేదు, 1934లో ఒక ఇంట్లో బయటపడింది.

సరే, 1536కి వద్దాం. రాజు ఎనిమిదో హెన్రీ అప్పటికే పోప్‌తో తెగతెంపులు చేసుకుని చర్చికి తానే అధిపతి అయ్యాడు. ఖజానాకి డబ్బు కావాలి. ముందటి ఏడాదే మంత్రి థామస్ క్రామ్‌వెల్ దేశంలో ప్రతి మఠం ఆదాయం లెక్కకట్టించాడు. డేటా చేతికొచ్చింది, కటాఫ్ పెట్టారు. ఏడాదికి 200 పౌండ్ల లోపు ఆదాయం ఉన్న మఠాలు మూసెయ్యాలి. యార్క్‌షర్‌లో ఇరవైకి పైగా ఉన్న నన్స్ మఠాలు చాలావరకు ఈ లెక్కలో చిన్నవే.

అప్పుడు యార్క్‌షర్ లేచింది. 1536 అక్టోబర్‌లో, రాబర్ట్ ఆస్క్ అనే లాయర్ నాయకత్వంలో. వాళ్లు దాన్ని తిరుగుబాటు అనలేదు, తీర్థయాత్ర అన్నారు. పిల్‌గ్రిమేజ్ ఆఫ్ గ్రేస్. యార్క్‌లోకి వెళ్లారు, మూసేసిన మఠాల్లోకి సన్యాసుల్ని తిరిగి పంపారు. డాన్‌కాస్టర్ దగ్గరికి వచ్చేసరికి 30 వేల మంది దాకా ఉన్నారు. ఎదురుగా ఉన్న రాజు సైన్యం అందులో చిన్న భాగం.

ఎందుకింత కోపం? భక్తి ఒక్కటే కారణం కాదు, పన్నుల దగ్గర్నుంచి చాలా ఉన్నాయి. కానీ ఆస్క్‌ని తర్వాత విచారించినప్పుడు మఠాల గురించి ఆయన చెప్పింది చాలా ప్రాక్టికల్‌గా ఉంటుంది. పేదలకి అన్నం పెట్టేది ఇవి, కొండదారుల్లో బాటసారికి రాత్రి చోటిచ్చేది ఇవి, వంతెనలూ గట్లూ బాగుచేసేది ఇవి. ఇవి పోతే ఇక్కడి అద్దెలన్నీ దక్షిణానికి వెళ్లిపోతాయి, ఉత్తరాన డబ్బే మిగలదు. ఊళ్లు ఖాళీ చేయించిన అవే మఠాలు, నాలుగొందల ఏళ్లలో ఆ ప్రాంతం బతుకులో అంతగా కలిసిపోయాయి.

యుద్ధం జరిగితే ఏమయ్యేదో. ఆస్క్ మాత్రం రాజు మాట నమ్మాడు. అందరికీ క్షమాభిక్ష, యార్క్‌లో పార్లమెంట్ అని హామీ ఇస్తే జనాన్ని ఇళ్లకి పంపేశాడు. క్రిస్మస్‌కి రాజు దగ్గర అతిథిగా కూడా ఉన్నాడు. జనవరిలో ఇంకొకరెవరో చిన్న తిరుగుబాటు చేస్తే, రాజుకి సాకు దొరికింది. 1537 జులైలో ఆస్క్‌ని యార్క్‌లోనే ఉరితీసి, శవాన్ని గొలుసులతో వేలాడదీశారు.

జెర్వో మఠాధిపతి ఆడమ్ సెడ్‌బార్‌ది ఇంకా అన్యాయం. తిరుగుబాటుదారులు వస్తే తాను కొండల్లో దాక్కున్నాననీ, మఠం తగలబెడతామని బెదిరిస్తేనే బయటికొచ్చాననీ చెప్పాడు. వినలేదు. లండన్‌లో ఉరితీశారు. టవర్ ఆఫ్ లండన్‌లో ఆయన్ని బంధించిన గది గోడ మీద ఆయన పేరు, 1537 అని చెక్కింది ఇప్పటికీ ఉంది.

దీని తర్వాత పెద్ద మఠాలు ఒక్కొక్కటీ తమంతట తామే తాళాలు అప్పగించాయి. 1539 నవంబర్‌లో ఫౌంటెన్స్. దాని అధిపతికి ఏడాదికి వంద పౌండ్ల పెన్షన్. మామూలు నన్స్‌కి రెండు మూడు పౌండ్లు, పైగా పెళ్లి చేసుకోకూడదని చట్టం.

ఇప్పుడు పైకప్పు. ఆ కప్పుల మీద పరిచింది సీసం, అదే లెడ్. అది రాజు ఆస్తి. రోష్ అబీని 1538లో మూసేసినప్పుడు ఏం జరిగిందో, దగ్గరి ఊరి పాస్టర్ మైకేల్ షెర్‌బ్రుక్ తర్వాత రాసిపెట్టాడు. నాకు ఈ మొత్తం చరిత్రలో మర్చిపోలేనిది అదే. సన్యాసులు కూర్చుని పాడే చెక్క పీటల్ని విరగ్గొట్టి, ఆ కట్టెలతోనే సీసం కరిగించారట. ప్రార్థన పుస్తకాల్ని బండి కప్పులకి అతుకులేశారట. ఒక సన్యాసి షెర్‌బ్రుక్ మామయ్యని పిలిచి, నా గది తలుపు కొనుక్కో, రెండు పెన్నీలు ఇవ్వు చాలు అన్నాడు. చేయించడానికి అయిదు షిల్లింగులకి తక్కువ కాని తలుపు, అంటే దాని విలువలో ముప్పయ్యో వంతుకి. మామయ్య అప్పటికి పెళ్లికాని కుర్రాడు. ఇల్లే లేదు, తలుపెందుకని వద్దన్నాడు.

షెర్‌బ్రుక్ వాళ్ల నాన్న కూడా ఆ చర్చి కలప కొన్నవాళ్లలో ఒకడు. ముప్పై ఏళ్ల తర్వాత కొడుకు అడిగాడు, నీకు ఆ సన్యాసులంటే మంచి అభిప్రాయమేనా అని. అవును, చెడుగా అనుకోవడానికి కారణమే లేదన్నాడు తండ్రి. మరి ఎందుకు కొన్నావు? ఎలాగూ అంతా పోతోందని కనిపించింది, అందరూ చేసిందే నేనూ చేశాను అన్నాడు.

ఆయన్ని తిట్టడం నావల్ల కాలేదు. అడ్డంపడినవాళ్ల గతి ఏమైందో ఆ ఏడాదికి యార్క్‌షర్‌లో అందరూ చూశారు కదా.

సీసం సంగతి చెప్పి ఆపేస్తా. జెర్వోలో కరిగించిన సీసాన్ని 1537 చలికాలంలో తరలించలేకపోయారు, దారులు అంత బురద అని అక్కడి అధికారి క్రామ్‌వెల్‌కి ఉత్తరం రాశాడు. రీవోలో కరిగించిన దిమ్మలు కొన్ని, రాజముద్రతో సహా, కూలిన రాళ్ల కింద ఉండిపోయాయి. అసలు లండన్‌కి చేరనే లేదు. 1920ల్లో తవ్వకాల్లో దొరికాయి. వాటిని యార్క్ మిన్‌స్టర్‌కి ఇచ్చారు. అక్కడ ఫైవ్ సిస్టర్స్ అనే పెద్ద కిటికీని మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన మహిళల జ్ఞాపకార్థం బాగుచేస్తున్నారు, రంగు అద్దాల్ని కలిపి పట్టి ఉంచడానికి ఆ సీసాన్నే వాడారు. రీవో పైకప్పులో కొంచెం ఇప్పటికీ ఒక చర్చిలోనే ఉంది. కిటికీ ఫొటో స్క్రీన్ మీద పెడుతున్నా, చూడండి.

ఈ వారానికి ఇంతే, మళ్లీ కలుద్దాం.