కాంతిరేఖ పుట్టిల్లు

లైట్ పెయింటింగ్ కథ చెప్పేవాళ్లు చాలామంది పికాసో దగ్గర మొదలుపెడతారు. 1949లో దక్షిణ ఫ్రాన్సులోని వలోరిస్‌లో, చీకటి చేసిన గదిలో ఆయన చిన్న విద్యుద్దీపం చేతబట్టి గాలిలో బొమ్మలు గీశాడు. లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ జోన్ మిలీ కెమెరా షట్టర్ తెరిచి ఉంచి ఆ గీతలను పట్టాడు. ఇంకాస్త వెనక్కి వెళ్లేవాళ్లు 1935లో కళాకారుడు మాన్ రే కాంతిగీతలతో తీసుకున్న స్వీయచిత్రాన్ని తలుస్తారు. అంతకు ముందు జరిగిందంతా శాస్త్రవేత్తల ప్రయోగాలుగా ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. కళాకారుడి చేయి పడ్డాకే ఈ పద్ధతికి ప్రాణం వచ్చిందన్నది ఈ కథనం సారం. దీన్ని నేను ఒప్పుకోలేను. కాంతిరేఖ మాట్లాడటం నేర్చుకున్నది కార్ఖానాలో. ఆ సంగతి మరిచాం కాబట్టే ఇవాళ్టి చిత్రాలను తూచడానికి మన దగ్గర సరైన తూకపురాళ్లు లేవు.

తొలి మజిలీ గురించి పెద్దగా తగాదా లేదు. మనుషుల, జంతువుల కదలికలను ఫోటోలతో కొలిచే ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే, సహచరుడు జార్జ్ దెమెనీతో కలిసి 1889లో ఒక మనిషి కీళ్లకు చిన్న బల్బులు కట్టి నడిపించాడు. జబ్బుపడ్డ నడక ఎలా వంకర్లు పోతుందో ప్లేటు మీద గీతలుగా తేలింది. చీకటి, తెరిచి ఉన్న షట్టర్, కదిలే దీపం: రాత్రివేళ ట్రైపాడ్ పాతి టార్చిలైటుతో తిరిగే నేటి ఫోటోగ్రాఫర్ సరంజామా కూడా ఇదే. వెలుగు ప్లేటు మీద పోగుపడుతుంది. చీకట్లో కదిలే మనిషి ఒకచోట నిలవడు కాబట్టి అతని ఆనవాలు పడదు. ఈ రెండో సంగతిని గుర్తుంచుకోవాలి, మున్ముందు పని పడుతుంది.

అసలు చర్చ జరగవలసింది 1912 తర్వాతి ఘట్టం గురించి. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీ పనితో బతుకు మొదలుపెట్టినవాడు, ఇటుక పేర్చడంలో 18 కదలికలను నాలుగున్నరకు తగ్గించానని చాటుకున్నవాడు. ఆయన భార్య లిలియన్ మనస్తత్వశాస్త్రం చదివిన మనిషి. ఇద్దరూ ప్రావిడెన్స్ నగరంలోని న్యూ ఇంగ్లండ్ బట్ కంపెనీలో పని పద్ధతులను మార్చడానికి పూనుకున్నారు. ఆ రోజుల్లోనే కార్మికుల వేళ్లకు చిన్న దీపాలు తగిలించి, పని మొదలు నుంచి చివరిదాకా షట్టర్ తెరిచి ఉంచే పద్ధతిని రూపుదిద్దారు. పనంతా ఒకే ప్లేటు మీద తెల్లని గీతల అల్లికగా దిగేది.

అక్కడితో ఆగి ఉంటే మారే పనికి అది కొనసాగింపు మాత్రమే అయ్యేది. కానీ గీత దారి చెబుతుంది గాని వేగం చెప్పదు. అందుకని దీపానికి వెళ్లే విద్యుత్తును లెక్క ప్రకారం తెంపుతూ కలుపుతూ పోయారు. గీత చిన్న చిన్న తునకలుగా విడిపోయింది. తునకలు దగ్గరపడ్డచోట చేయి నెమ్మదించిందని, ఎడంగా ఉన్నచోట పరుగెత్తిందని తెలిసింది. దీపం చప్పున వెలిగి మెల్లగా ఆరేలా చేసి, ప్రతి తునకకూ మొన తెప్పించారు. చేయి ఎటు కదిలిందో ఆ మొన చెప్పింది. స్టీరియో కెమెరాతో లోతును కూడా పట్టి, ఆ దారులను తీగతో వంచి నమూనాలు కట్టారు. దారి, వేగం, దిశ, లోతు! రంగును పక్కనపెడితే, గీత చేత చెప్పించగలిగినదాంట్లో చాలా భాగం కళాకారులు రాకముందే గిల్‌బ్రెత్‌లు చెప్పించేశారు.

దీనికి రెండు అభ్యంతరాలున్నాయి. వాళ్లు వెతికింది అందాన్ని కాదు, ఉత్పత్తిని అనేది మొదటిది. నిజమే. కానీ ఉద్దేశం వేరైనంత మాత్రాన కనిపెట్టినది చెరిగిపోదు. పైగా గోల్ఫ్ ఆటగాడి చేతికీ ఇదే దీపం కట్టారు. నేర్పరి చేతి గీత తడుముకోకుండా సాగుతుందని నమ్మారు. గీత నడకలో నేర్పును చదవడం ఉత్పత్తి లెక్కల కంటే పెద్ద విషయం. రెండో అభ్యంతరం బరువైనది. ఇదంతా ఖాతాదారులను ఆకట్టుకునే ప్రచారమని కొందరు చరిత్రకారులు అంటారు. ఇందులోనూ నిజముంది. ఆ ఏర్పాటు ఖరీదైనది, రోజువారీ పనికి కుదిరేది కాదు. కాలం కూడా అలాంటిది. 1911లో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో పోత పనివాళ్లు తమ పనిని స్టాప్‌వాచ్‌తో కొలవడానికి ఎదురుతిరిగి సమ్మె చేశారు. 1915లో సైనిక కర్మాగారాల్లో ఆ కొలతలకు నిధులు వాడకుండా అమెరికా కాంగ్రెస్ అడ్డుకట్ట వేసింది. స్టాప్‌వాచ్ కంటే తమ ఫోటో న్యాయమైనదని గిల్‌బ్రెత్‌లు నమ్మించవలసి ఉంది. నా దృష్టిలో ఇది వాళ్ల స్థానాన్ని తగ్గించదు. నమ్మించడం కోసం తీసిన బొమ్మను నలుగురూ చూడాలి, చూసినవాళ్లు కదలాలి.

అయితే ఒక నేరం మాత్రం ఆ బొమ్మల్లో ఉంది. వాటిలో కార్మికుడు పొగమంచులా పలచబడిపోతాడు. అతని నేర్పు గీతగా మిగులుతుంది, గీత తీగ నమూనా అవుతుంది, నమూనా కంపెనీ సొత్తవుతుంది. మనిషి ముఖం గాని పేరు గాని ఉండదు.

తర్వాతి చరిత్రను ఈ లోటు దగ్గర నిలబడి చూడాలి. మాన్ రే 1935 చిత్రంలో ముఖం మీదుగా పాకే మెలికలను దశాబ్దాల పాటు ఉత్త ఆటగా చూశారు. 2009లో ఎలెన్ కేరీ అనే ఫోటోగ్రాఫర్ అద్దం పెట్టి చూస్తే అది ఆయన సంతకం. కార్ఖానాలో అనామకంగా మిగిలిన గీతకు ఇక్కడ యజమాని దొరికాడు. 1943లో ఫోటోగ్రాఫర్ జాక్ డెలానో లాస్ ఏంజెలస్ శాంటా ఫే రైల్వే యార్డును రాత్రివేళ తీశాడు. లావు చారలు ఇంజన్ల హెడ్‌లైట్లవి, సన్నగీతలు పాయింట్లు మార్చే పనివాళ్ల చేతిదీపాలవి అని ఫోటో కింది వ్యాఖ్య చెబుతుంది. ముఖాలు లేకపోయినా ఏ గీత ఎవరి చెమటో ఆ వ్యాఖ్య మరిచిపోలేదు. పికాసో చిత్రాల పక్కన దీనికి చోటివ్వని చరిత్ర నాకు అసంపూర్ణం.

ఇక మిలీ. అల్బేనియాలో పుట్టి, ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, వెస్టింగ్‌హౌస్‌లో దీపాల మీద పనిచేసినవాడు. స్కేటర్ బూట్లకు దీపాలు కట్టి తీసిన ఫోటోలు చూపించే పికాసోను ఒప్పించాడు. గిల్‌బ్రెత్‌ల నుంచి మిలీ నేర్చుకున్నాడని నేను అనను. వాళ్లు వదిలేసిన చిక్కును ఆయన విప్పాడని అంటాను. గీత నడుస్తుండగానే ఫ్లాష్ వెలిగించి, కరిగిపోవలసిన మనిషిని గీత పక్కనే నిలబెట్టాడు. పికాసో ఒంగి, చేయి చాచి, కళ్లు పెద్దవి చేసి కనిపించేది అందుకే.

1970ల చివర ఎరిక్ స్టాలర్ న్యూయార్క్ వీధుల్లో కాకరపువ్వొత్తులతో కట్టిన వెలుగు కట్టడాలు, 1977 నుంచి డీన్ చాంబర్లైన్ దీపాన్ని కెమెరా వైపు కాకుండా వస్తువుల మీదికి తిప్పి కొద్దికొద్దిగా వెలిగించిన దృశ్యాలు ఈ దారిని వెడల్పు చేశాయి.

ఇప్పటి స్థితిలో లాభం లేకపోలేదు. ఫిల్ము రోజుల్లో ఎక్స్‌పోజర్ సాగేకొద్దీ ఫిల్ము మందగించేది, కడిగితేగాని ఫలితం తెలిసేది కాదు. 2014లో ఒలింపస్ తన కెమెరాల్లో తెచ్చిన లైవ్ కాంపోజిట్ అనే సదుపాయం కొత్తగా పడిన వెలుగును మాత్రమే కలుపుకుంటూ, బొమ్మ ఎదగడాన్ని తెరమీదే చూపిస్తుంది. నేర్చుకునేవారికి ఇది వరం. కానీ తయారుగా ఉన్న బొమ్మను గాలిలో పరిచే ఎల్ఈడీ కడ్డీలను చూస్తే నాకు సంకోచం కలుగుతుంది. చేయి తేలిగ్గా సాగినా తడబడినా ఫలితం ఇంచుమించు ఒకటే. నిప్పురవ్వల కోసం మండే స్టీల్ ఊల్‌ను గిరగిరా తిప్పే అలవాటు మరీ చవకైనది, ప్రమాదకరమైనది. 2016లో కాలిఫోర్నియాలోని ఇన్వర్నెస్ తీరాన ఒడ్డెక్కిన పాత పడవ వెనక భాగం అలా కాలిపోయిందని అగ్నిమాపక సిబ్బంది భావించారు.

నా అభ్యంతరం పరికరాల మీద కాదు. గిల్‌బ్రెత్‌ల చేతిలోనూ ఉన్నది పరికరమే. ఒక రాత్రి చిత్రం విలువ అందులోని వెలుగు ఎంత మిరుమిట్లు గొలిపిందన్న దానిలో లేదు. ఒక శరీరం ఇంతసేపు, ఇంత వేగంతో, ఇంత నేర్పుతో కదిలిందని ఆ గీత సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం లేని చిత్రం ఎంత అందమైనదైనా నాకు అలంకారమే. ఈ కొలత మనకిచ్చినవాళ్లు పేరులేని కార్మికులు. లైట్ పెయింటింగ్ చరిత్రలో మొదటి అధ్యాయం వాళ్లకు దక్కాలి.