లాక్రోస్: కర్ర, బంతి, కవచం

2023 అక్టోబరులో ముంబయిలో సమావేశమైన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల్లో క్రికెట్‌కు చోటు కల్పించింది. అదే నిర్ణయంతో ఒలింపిక్స్‌లోకి తిరిగి వస్తున్న మరో ఆట లాక్రోస్. పతకాల పోటీగా అది చివరిసారి జరిగింది 1908లో. చివర వల బిగించిన కర్రతో బంతిని అందుకుని, విసిరి, ఆరడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు గల గోల్‌లోకి పంపడం ఈ ఆట.

ఉత్తర అమెరికా ఆదివాసులు, ముఖ్యంగా హోడెనోషోనీ సమాఖ్య ప్రజలు, శతాబ్దాలుగా దీనిని ఆడుతున్నారు. వారి దృష్టిలో ఇది సృష్టికర్త ఇచ్చిన ఆట, రోగాన్ని మాన్పే ఆట. హికరీ కలపను ఆవిరిపట్టి వంచి కర్రను మలిచే విద్య వారిలో ఇప్పటికీ సజీవంగా ఉంది. పోటీల్లో మాత్రం 1970 నుంచి వ్యాపించిన ప్లాస్టిక్ తల, లోహపు పిడి దాని స్థానాన్ని ఆక్రమించాయి.

పురుషుల మైదాన పోటీల్లో పొట్టి కర్ర పొడవు 40 నుంచి 42 అంగుళాలు. రక్షణ శ్రేణిలోని వారు 52 నుంచి 72 అంగుళాల కర్ర పట్టవచ్చు. ఒలింపిక్స్‌లో జట్టుకు ఆరుగురితో ఆడే ‘సిక్సెస్’ పద్ధతిలో గోల్‌కీపర్ మినహా అందరిదీ పొట్టి కర్రే. మహిళల కర్రలో వల లోతు తక్కువ; వలలో ఉన్న బంతి పైభాగం అంచుకు ఎగువన కనిపించాలి. బంతిని జారవిడవకుండా పరుగెత్తడానికి అందుకే మణికట్టు నేర్పు ఎక్కువ కావాలి.

బంతి గాలి నింపినది కాదు, గట్టి రబ్బరు. బరువు 142 నుంచి 149 గ్రాములు, అంటే క్రికెట్ బంతి కన్నా కొంచెం తేలిక. అగ్రశ్రేణి పురుష ఆటగాళ్ల విసుర్లలో గంటకు 160 కిలోమీటర్లు దాటినవి ఉన్నాయి. క్రికెట్‌లో ఆ వేగాన్ని అందుకున్న బౌలర్లను వేళ్లమీద లెక్కించవచ్చు.

పురుషుల ఆటలో ఢీకొనడం, ప్రత్యర్థి కర్రపై కొట్టడం నిబంధనలకు లోబడినవే. కాబట్టి ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్, దంత రక్షణ, మందపాటి చేతి తొడుగులు, భుజాలకు, మోచేతులకు ప్యాడ్లు ధరిస్తారు. మహిళల ఆటలో దేహంతో ఢీకొనడం నిషిద్ధం. కంటి రక్షణ, దంత రక్షణతోనే మైదానంలోకి దిగుతారు. 2018లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం పాఠశాల బాలికలకు మెత్తని శిరస్త్రాణాన్ని తప్పనిసరి చేసింది. కవచం తొడిగితే ఆటలో దూకుడు పెరుగుతుందని వ్యతిరేకించిన వారున్నారు. ఆ వాదన పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు గాని, బంతి మాత్రం ఎవరి తలకైనా ఒకే గట్టితనంతో తగులుతుంది.

అయితే ఈ కవచాలు చాలాకాలం ఎముకలనే కాపాడాయి, గుండెను కాదు. ఛాతీపై గుండె ఉన్నచోట, గుండె కొట్టుకునే వలయంలోని సెకనులో అతి స్వల్ప భాగమైన ఒక క్షణాన దెబ్బ తగిలితే, గుండె లయ తప్పి జఠరికలు వణకడం మొదలవుతుంది. ‘కమోషియో కార్డిస్’ అనే ఈ ప్రమాదానికి గుండె జబ్బు ఉండనక్కర్లేదు, పక్కటెముక విరగనక్కర్లేదు. బాధితుల్లో ఎక్కువమంది ఆరోగ్యవంతులైన బాలురు, యువకులు. ప్యాడ్లు ధరించినవారూ కుప్పకూలిన ఉదంతాలున్నాయి.

అందుకే క్రీడా పరికరాల ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ ‘నాక్సీ’, ఎన్‌డీ200 పేరిట ప్రత్యేక ప్రమాణం రూపొందించింది. అక్కడి పాఠశాల, కళాశాల పోటీల్లో ఇది 2021 నుంచి గోల్‌కీపర్లకు, 2022 నుంచి బాలుర, పురుషుల జట్లలోని మిగతా ఆటగాళ్లకు తప్పనిసరి అయింది. అమెరికాలో పిల్లలను ఈ ఆటలో చేర్చే తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా ఇతరులు వాడిన ప్యాడ్లు తీసుకునేవారు, వాటిపై నాక్సీ ముద్ర, ఎన్‌డీ200 గుర్తు ఉన్నాయేమో చూసుకోవాలి.

ఆ ముద్ర ప్రమాదాన్ని తగ్గిస్తుందే తప్ప తొలగించదు. దెబ్బ తిన్న ఆటగాడు స్పృహ తప్పి పడిపోతే వెంటనే ఛాతీని నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టాలి. విద్యుత్ షాక్‌తో గుండె లయను సరిదిద్దే ఏఈడీ పరికరాన్ని నిమిషాల్లో అందించాలి. అది తాళం వేసిన గదిలో కాక మైదానం పక్కనే ఉండాలి.