క్రొత్త డ్రైవరును స్వీకరింపవచ్చునా?



డ్రైవరన్నచో మోటారు నడుపువాడని మన గ్రామములలో అందఱు నెఱుగుదురు. కంప్యూటరు విషయమున ఆ మాటకు వేఱొక యర్థము గలదు. ముద్రణయంత్రము, తెర, మీటలపలక మొదలగు పరికరములు ఒక్కొక్కటి ఒక్కొక్క కర్మాగారమున పుట్టినవి. కంప్యూటరును ఏలు మూలవ్యవస్థకు వాని భాష తెలియదు. ఈ రెంటికిని నడుమ దుబాసి పని చేయు ప్రోగ్రామునకే డ్రైవరని పేరు. క్రొత్త డ్రైవరు వచ్చినదని మూలవ్యవస్థయే తెలిపినప్పుడు దానిని స్వీకరింపవచ్చునా, కూడదా యనునది నేటి ప్రశ్న. ప్రపంచమున మిక్కిలి వ్యాప్తిలో నున్న విండోస్ చరిత్రనుండి దీనికి సమాధానము వెదకుదము.

పూర్వము పరికరమును కొన్నవాడు దానితో వచ్చిన ఫ్లాపీని భద్రముగా దాచుకొనవలసి యుండెను. అది పోయినచో విలువగల యంత్రమును మూలబడుచుండెను. 1995 ఆగస్టులో విడుదలయైన విండోస్ 95, తగిలించిన పరికరమును తానే గుర్తించు పద్ధతిని ఇంటింటికి తెచ్చెను. 1998 జూన్‌లో విండోస్ 98తో కూడ ‘విండోస్ అప్‌డేట్’ అను ఏర్పాటు వచ్చెను. అప్పటినుండి క్రొత్త డ్రైవర్లు తంతిమార్గమున ఇంటికే రాసాగెను. ఆ విడుదలకు రెండు నెలలు ముందుగా, ఏప్రిల్ 20వ తేదీన, చికాగో నగరమున బిల్ గేట్స్ ఎదుట ఒక స్కానరును తగిలించి సభకు చూపబోగా, యంత్రము నిలిచిపోయి నీలితెర పడినది. సభ్యులు గొల్లున నవ్విరి. కాని ఆ నవ్వు వెనుక నున్న చిక్కు చిన్నది కాదు.

పెక్కు డ్రైవర్లు మూలవ్యవస్థ యొక్క గర్భాలయముననే మెలగును. 1996లో వచ్చిన విండోస్ ఎన్.టి. 4.0లో, వేగము కొఱకై చిత్రములు చూపు డ్రైవర్లను సైతము లోనికి చేర్చిరి. బయట నున్నవాడు తప్పు చేసిన వాని పని యొకటే చెడును. గర్భాలయమున నున్నవాడు తప్పు చేసిన యంత్రమంతయు నిలిచిపోవును. ఈ యపాయమును తగ్గించుటకే మైక్రోసాఫ్టువారు డ్రైవర్లను పరీక్షించి ముద్ర వేయు పద్ధతి పెట్టిరి. 2007లో ప్రజలకు అందిన విస్టా యొక్క 64 బిట్ల రూపమున, వ్రాలు లేని డ్రైవరునకు గర్భాలయ ప్రవేశమే నిషేధించిరి. ఐనను వ్రాలు ఎవరు పంపిరో చెప్పును గాని, ఎందులకు పంపిరో చెప్పజాలదు.

2014వ సంవత్సరమున ఈ సంగతి బయటపడెను. స్కాట్లండు దేశపు ఎఫ్.టి.డి.ఐ. కంపెనీవారు యు.ఎస్.బి. ద్వారమునకు పాతరకపు పరికరములను కలుపు చిన్న చిప్పును చేయుదురు. దానికి నకళ్లు బజారున విస్తారముగా పుట్టినవి. వానిని అరికట్టదలచి వారు వ్రాసిన డ్రైవరు విండోస్ అప్‌డేట్ మార్గముననే ఇండ్లకు వచ్చెను. అది నకలు చిప్పు కనబడినంతనే, ఆ చిప్పు తన యందు దాచుకొన్న గుర్తింపు సంఖ్యను సున్నగా మార్చివేసెను. పిమ్మట ఆ పరికరమును వేఱొక కంప్యూటరునకు తగిలించినను గుర్తింపు దొరకదయ్యెను. నకలు చేసినవాడు నేరస్థుడే. కాని దెబ్బ తినినవాడు, అసలిది నకలిది అని తెలియక అంగడిలో రూపాయలు పోసి కొన్నవాడు. జనులు ఆక్షేపింపగా ఆ అక్టోబరులోనే ఆ డ్రైవరును ఉపసంహరించిరి.

మఱుసటి యేడు జూలై 29న విండోస్ 10 వచ్చెను. అందు సామాన్య గృహస్థు వాడు రూపమున డ్రైవర్లు అడుగకయే చేరసాగెను. కాదనుటకు తిన్నని దారి లేకపోవుటచే, వలదన్న వానిని మఱుగుపఱచు ఉపకరణమును మైక్రోసాఫ్టువారే వేఱుగా ఇయ్యవలసి వచ్చెను. 2018 అక్టోబరులో మీటలపలకకు వచ్చిన యొక డ్రైవరువలన కొన్ని హెచ్.పి. కంప్యూటర్లు నీలితెరతో ఆగిపోగా దానిని తొలగించిరి. తుదకు 2020లో, తప్పనిసరి కాని డ్రైవర్లను ‘ఐచ్ఛికము’ అను వేఱు పుటలో నుంచి, నిర్ణయమును యజమానికి విడిచిరి.

ఈ పాతికేండ్ల చరిత్ర నుండి గ్రహింపవలసిన దేమి? పరికరము పనిచేయకున్నచో, లేదా దానికి డ్రైవరే లేకున్నచో, అప్‌డేట్ ఇచ్చు డ్రైవరే మొదట మేలు. ఊరు పేరు లేని తావులనుండి దించుకొనుట కంటె అది ఎన్నో రెట్లు క్షేమము. భద్రతాలోపమును సరిచేయుటకు వచ్చినదానిని ఆలసింపక స్వీకరింపవలెను. సర్వమును చక్కగా నడచుచుండగా ఐచ్ఛికముగా వచ్చినదానిని మాత్రము అక్కఱ లేక ముట్టరాదు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల? స్వీకరించునప్పుడును వెనుకకు మరలు దారిని ముందే చూచుకొనవలెను. పాత స్థితికి మరలించు గుర్తును నిలుపుకొనుటయు, డివైస్ మేనేజరులో మునుపటి డ్రైవరును పునరుద్ధరించుటయు మన పిల్లలకు తెలిసియుండవలెను.

యంత్రము మన సొమ్ము. దానికి వచ్చు దుబాసిని ఆహ్వానించు హక్కుతో పాటు, వలదని సాగనంపు హక్కును మన చేత నుండవలెను. ఈ రెండవ హక్కు కొఱవడిన నాడెల్ల వచ్చిన చిక్కులే నేను విన్నవించిన చరిత్ర. సెలవు.