సేవకుల సంఘం, యానాదుల సంఘం: సూళ్లూరుపేట ప్రాంత విద్యాచరిత్రలో ప్రాతినిధ్య ప్రశ్న

బడికి రాని బిడ్డ కోసం గుడిసె దాకా వెళ్లి, తల్లిదండ్రులకూ ఉపాధ్యాయునికీ నడుమ నిలిచే పనిని నేడు పాఠశాల సమాజసేవ అంటున్నారు. సూళ్లూరుపేట ప్రాంతంలో ఆ పేరు కొత్త, పని పాతది. పులికాట్ సరస్సుకు ఆవలనున్న శ్రీహరికోటలో యానాదుల పిల్లలకు పందొమ్మిదో శతాబ్దిలోనే ప్రభుత్వం బడి పెట్టి, బియ్యమిచ్చి రప్పించింది. ఆ బడిని గురించి తల్లులు ఏమనుకున్నారో ఏ నివేదికలోనూ కనిపించదు.

నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్య (1897–1981) యానాదులను సంఘంగా కూడగట్టారు. వారి చదువుకూ, నేరస్థ జాతుల చట్టం రద్దుకూ పాటుపడ్డారు. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో ఆ చట్టం రద్దయింది. రాఘవయ్య నిజాయితీని శంకించవలసిన పని లేదు. అయితే యానాదులపై ఆయన రాసిన గ్రంథాన్ని 1962లో ప్రచురించినది ఠక్కర్ బాపా 1948లో స్థాపించిన భారతీయ ఆదిమజాతి సేవక్ సంఘ్. ఈ పేరు గమనింపదగినది. యానాది సంఘమన్నప్పుడు సంఘం యానాదులది. సేవక సంఘమన్నప్పుడు సంఘం సేవకులది, ఆదిమజాతి సేవ పొందేది మాత్రమే. సంఘాల చరిత్ర మనకు నాయకుని జీవితచరిత్రగా మిగలడానికి ఈ తేడాయే మూలం కావచ్చు.

ఇది ఇక్కడి చిక్కు మాత్రమే కాదు. అమెరికాలో 1955లో ఏడు సంస్థలు విలీనమై జాతీయ సమాజసేవకుల సంఘం ఏర్పడింది. పాఠశాల సమాజసేవకుల సొంత సంఘం అందులో కలిసిపోయింది. 1968లో నల్లజాతి సమాజసేవకులు శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే సంఘం పెట్టుకున్నారు. పాఠశాలల్లో పనిచేసేవారు 1994లో మళ్లీ తమ జాతీయ సంఘాన్ని నిర్మించుకున్నారు. పెద్ద సంఘంలో చోటు దొరకడం వేరు, మాట చెల్లడం వేరు.

1969లో రాకెట్ ప్రయోగాలకు శ్రీహరికోటను ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న తొలి రాకెట్ లేచింది. దీవిలోని యానాది కుటుంబాలు ఇవతలి ఒడ్డుకు చేరవలసివచ్చింది. అడవికీ సరస్సుకూ అలవాటుపడిన పిల్లలకు బడి మరింత పరాయిదైంది. వారిని బడికి చేర్చవలసిన ఉపాధ్యాయులకు సంఘాలున్నాయి, కానీ వాటి సభ్యత్వం ఉద్యోగంతో వచ్చేది. పిల్లల కుటుంబాలకు అందులో తావు లేదు.

ఆ తావును చట్టంగా రాసినవాటిలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది స్త్రీలు కావాలి. వెనుకబాటుకు గురైన వర్గాల తల్లిదండ్రులకు దామాషా ప్రాతినిధ్యం ఉండాలి. యానాది తల్లికి ఇది హక్కుగా వచ్చిన కుర్చీ. వృత్తి సంఘాలు మాత్రం ఆ చట్టం పరిధిలోకి రావు.