ఎడారి తండ్రుల పాదముల యొద్ద



మన డయాసిస్ శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయమని సంపాదకవర్గంవారు నన్ను కోరారు. మిషనెరీ దొరల రాకను గూర్చి, మొదటి బాప్తిస్మములను గూర్చి, బోర్డింగు స్కూళ్లను గూర్చి నాకంటె బాగా ఎరిగిన పెద్దలు వ్రాస్తున్నారు. కనుక నేను ఈ నూరేండ్లను వారికి విడిచి, పదహారు వందల ఏండ్ల క్రిందటి ఐగుప్తు ఎడారికి మిమ్మును తీసికొనిపోవాలని తలంచాను. కారణం చివరకు మీకే తెలుస్తుంది.

దేవుని సన్నిధిని మాటలకు అందనంత దగ్గరగా ఎరిగిన భక్తులను ఇంగ్లీషువారు మిస్టిక్కులంటారు. మనం మార్మికులు అనవచ్చును. మర్మము అనే మాట పౌలు పత్రికలలో మనకు పరిచయమైనదే. అయినా ఈ పేరు వినగానే మనలో కొందరు ‘ఇది సన్యాసుల వ్యవహారం, మనకెందుకు?’ అని పుస్తకం మూసివేస్తారు. మరికొందరు నాలుగు పుటలు చదివి, ఆ భక్తుల అనుభవం తమకే కలిగినట్టు ప్రసంగిస్తారు. నేను రెండు తప్పులూ చేసినవాడనే.

ఎడారి తండ్రులలో ప్రసిద్ధుడు అంతోని. సుమారు 251లో పుట్టి 356లో నిద్రించాడు. ధనవంతుడైన యౌవనస్థునితో ప్రభువు చెప్పిన మాట, మత్తయి 19:21, గుడిలో చదువుతుండగా విని, తన పొలాలను విడిచిపెట్టి వెళ్లిపోయాడు. అలెక్సంద్రియ బిషప్పు అథనాసియు ఆయన చరిత్రను వ్రాశాడు. 386లో మిలాను పట్టణంలో అగస్టీను మారుమనస్సు పొందిన రోజుననే ఒక స్నేహితుని నోట ఈ అంతోని కథ విన్నాడు. పశ్చిమ సంఘ చరిత్రలో ఆ సంభాషణకు ఎంత విలువ ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఈ తండ్రులలో ఎక్కువమంది గ్రంథకర్తలు కారు. తాటాకులతో బుట్టలు అల్లి అమ్ముకొని బ్రతికినవారు. యౌవన సన్యాసి ఒకడు పెద్ద దగ్గరకు వచ్చి, “అబ్బా, నాకొక మాట చెప్పండి” అని అడిగేవాడు. అబ్బా అనగా తండ్రి, రోమా 8:15లో ఉన్న మాటే. ఆ పెద్ద ఒక మాట చెప్పేవాడు, లేదా ఊరకుండేవాడు. ఆ మాట నోట్సు వ్రాసికొనుటకు కాదు, తన గదికి వెళ్లి దాని ప్రకారం బ్రతుకుటకు. ఇట్టి మాటలే 5, 6 శతాబ్దాలలో గ్రంథాలుగా కూర్చబడ్డాయి. మనమేమో వాటిని కుర్చీలో కూర్చుండి, పెన్సిలు చేతబట్టి చదువుతాం. అడిగినవాని ఆకలి మనకుండదు గాని తీర్పు చెప్పే తొందర మాత్రం ఉంటుంది.

ఆ సంగ్రహంలో ఒక సంగతి ఉన్నది. కొందరు పెద్దలు అంతోనిని చూడవచ్చారు. ఆయన ఒక లేఖన భాగం ఎత్తి, చిన్నవారితో మొదలుపెట్టి దాని అర్థం ఏమని ఒక్కొక్కరిని అడిగాడు. ప్రతివాడూ తనకు తోచింది చెప్పాడు. అందరితోనూ, ఇంకా నీకు తెలియలేదు అన్నాడు. చివరకు అబ్బా యోసేపు వంతు వచ్చింది. ఆయన తనకు తెలియదన్నాడు. దారి కనుగొన్నవాడు ఇతడే అని అంతోని మెచ్చుకొన్నాడు. థియొలాజికల్ కాలేజీలో ఆ జవాబు పరీక్షలో వ్రాసి ఉంటే నాకెన్ని మార్కులు వచ్చేవో ఊహించుకోండి!

ఆర్సేనియస్ అనే మరొక తండ్రి ఎడారికి రాకముందు చక్రవర్తి కుమారులకు గురువుగా ఉన్నవాడు. ఆయన ఒకనాడు ఒక ఐగుప్తు పల్లెటూరి ముసలి సన్యాసి దగ్గరకు వెళ్లి, తన తలంపులను గూర్చి సలహా అడుగుతున్నాడు. చూచినవారు ఆశ్చర్యపడ్డారు. లాటిను, గ్రీకు విద్యలన్నీ తనకు వచ్చును గాని ఈ పల్లెటూరివాని అక్షరమాల ఇంకా రాలేదని ఆయన జవాబు చెప్పాడు.

ఇక 399వ సంవత్సరం సంగతికి వస్తాను. నా మనస్సును గ్రుచ్చినది అదే. దేవునికి మనుష్యులవలె అవయవాలున్నవని తలంచుట తప్పు అని అలెక్సంద్రియ బిషప్పు థియోఫిలస్ ఆ ఏట సంఘాలన్నిటికి పత్రిక పంపాడు. ఎడారిలో చాలామంది సామాన్య సన్యాసులకు అది మింగుడుపడలేదు. ఆదికాండము 1:26లో దేవుని పోలిక అని ఉన్నది గదా అని వారి వాదం. వారిలో సెరాపియోను అనే వృద్ధుడు ఉన్నాడు. సుమారు యాభై ఏండ్లు ఎడారిలో గడిపినవాడు. కప్పదొకియ నుండి వచ్చిన ఫోటినస్ అనే పండితుడైన డీకను, ఆ వచనానికి శరీరసంబంధమైన అర్థం లేదని అందరి ఎదుట వివరించగా, ఆ వృద్ధుడు చివరకు ఒప్పుకొన్నాడు. అందరూ సంతోషించి, స్తోత్రం చెల్లించుటకు లేచి నిలువబడ్డారు. కాని ఆ ముసలాయన ప్రార్థించబోతే, ఇన్నేండ్లు తన కన్నుల ఎదుట ఉంచుకొన్న రూపం కనబడలేదు. నేలమీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. నా దేవుని నా యొద్దనుండి తీసివేశారు, ఎవరిని పట్టుకొనేది, ఎవరిని మ్రొక్కేది అని విలపించాడు.

దీనిని వ్రాసినవాడు అక్కడ ఉన్న యోహాను కాసియను. పండితుని బోధలో తప్పు లేదు. దేవుడు ఆత్మ అని యోహాను 4:24 చెబుతున్నది. అయినను ఆ గదిలో ఒక ముసలివాడు నేలమీద పడి ఏడుస్తున్నాడు. కాసియను, అతని స్నేహితుడు జెర్మానస్ కలవరపడి అబ్బా ఇస్సాకు దగ్గరకు వెళ్లారు. ఆయన ఆ వృద్ధుని తలంపును సమర్థించలేదు. కాని ప్రార్థనను గూర్చి లోతైన సంగతులు చెప్పి, చివరకు వారి చేతిలో పెట్టినది ఒకే ఒక వచనం. 70వ కీర్తన మొదటి వచనం లేచినా, పడుకొన్నా, పనిలో ఉన్నా విడువక పలుకుచుండమన్నాడు. చదువు రానివాడు కూడ పట్టుకొనగలిగినది అది.

తరువాత జరిగినది విచారకరం. సన్యాసులు అలెక్సంద్రియకు వచ్చి అల్లరి చేయగా థియోఫిలస్ ప్లేటు తిప్పి, మరుసటి ఏటనే చదువుకొన్న సన్యాసులను ఎడారినుండి తరిమివేశాడు. వారికి ఆశ్రయమిచ్చినందున బంగారు నోటి యోహాను బిషప్పు 403లో పదవినుండి తొలగించబడ్డాడు.

నేను ఈ భాగం చదివేటప్పటికి పాస్టరునై పదేండ్లయింది. రిఫ్రెషర్ కోర్సుకు వెళ్లి, లైబ్రరీలో ఒంటరిగా చదివాను. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే నా మొదటి పాస్టరేటులో ఒక మామ్మగారు ఉండేది. అక్షరం రాదు. ఏ కాటేజీ మీటింగులో ప్రార్థించినా “తెల్లని తలవెండ్రుకల నాయనా” అని మొదలుపెట్టేది. నేను కొత్తగా బి.డి. పట్టా తెచ్చుకొన్నవాడిని. ఒక రాత్రి దేవునికి వెండ్రుకలూ గడ్డమూ ఉండవని, అది చిన్నపిల్లల తలంపని మీటింగులో చెప్పాను. అందరూ నవ్వారు. ఆమె కూడ నవ్వింది. మరుసటి వారం ప్రార్థన చేయమంటే, “మీరే చేయండి అయ్యగారూ, నాకు మాటలు తెలియవు” అన్నది. నేను అక్కడ ఉన్న మూడేండ్లలో ఆమె పైకి ప్రార్థించడం మళ్లీ వినలేదు.

వినయం అంటే ప్రతి వ్రాతకు తల ఊపుట అని ఎవరైనా అనుకొంటారేమో. అలాగు కాదు. విచారించి చదువవలసిందే. ప్రార్థనలో ఏ రూపమును ఊహించవద్దని బోధించిన ఎవాగ్రియస్ సెరాపియోను ఏడ్చిన ఆ 399లోనే మరణించాడు. తరువాత కొన్ని సిద్ధాంతాల విషయమై, 553లో జరిగిన సభ కాలంలో, అతడు నిందింపబడ్డాడు. అందుచేత ప్రార్థనను గూర్చిన అతని గ్రంథం నీలస్ అనే మరొకరి పేరున బ్రతికింది. అది ఎవాగ్రియస్‌దే అని 1934లో హౌషెర్ అనే పండితుడు నిరూపించాడు. అపొస్తలుల కార్యములు 17:34లోని అరేయొపగీతుడైన దియొనూసియు పేరున చెలామణి అయిన గ్రంథాల సంగతీ అంతే. 532లో మొదట బయటికి వచ్చినప్పుడే ఎఫెసు బిషప్పు సందేహించాడు. అయినా వెయ్యేండ్లు సంఘం వాటిని పౌలు శిష్యునివిగానే చదివింది. అవి 5వ శతాబ్దపు తత్వవేత్త ప్రోక్లస్‌ను అనుసరించినవని 1895లో ఇద్దరు జర్మను పండితులు తేల్చారు. 1520లోనే లూథరు, ఈ దియొనూసియులో క్రీస్తుకంటె ప్లేటోనే ఎక్కువని విమర్శించాడు. లూథరు విమర్శలో న్యాయమున్నదని నా అభిప్రాయం. కాని ఆయన ఆ గ్రంథాలను చదివి విమర్శించాడు. మనం ఆయన విమర్శను మాత్రమే చదివి నవ్వుతాం.

చదివే విధానానికి నాకు నచ్చిన మాదిరి జాన్ వెస్లీ. మకారియస్ అను ఐగుప్తు తండ్రి పేరున యాభై ప్రసంగాలున్నవి. వెస్లీ వాటిని 1736లో జార్జియాలో ఉండగా చదివి, కీర్తన పాడుకొన్నట్టు డైరీలో వ్రాసికొన్నాడు. 1749లో తన గ్రంథమాల మొదటి సంపుటంలో వాటిని సంక్షేపించి అచ్చువేశాడు. తనకు సరిపడనివి విడిచిపెట్టాడు, హృదయశుద్ధిని గూర్చినవి ఉంచాడు. అవి ఐగుప్తు మకారియస్‌వి కావనీ, సిరియా ప్రాంతపు రచయితవనీ ఇప్పుడు పండితులు చెబుతున్నారు. 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిసిన సంప్రదాయాలలో వెస్లీ సంప్రదాయం ఒకటి గదా. ఆ దారిన ఎవరో పేరు తెలియని సిరియా సన్యాసి మాట కొంత మన ఇండ్లలోకి కూడ వచ్చింది.

కోర్సు ముగిసిన తరువాత నేను ఆ మొదటి గ్రామానికి వెళ్లాను. మామ్మగారికి చూపు పోయింది. అరుగుమీద కూర్చుని ఉన్నది. నా గొంతు గుర్తుపట్టింది. నేను క్షమాపణ అడిగితే ఏ సంగతో ఆమెకు గుర్తు లేనట్టే మాట్లాడింది. కాఫీ ఇప్పించింది. నేను లేవబోతూ ప్రార్థించమని అడిగాను. ఆమె కాసేపు ఊరకుండి, “అయ్యగారూ, నాయన తల తెల్లగానే ఉంటుందాండీ?” అన్నది.

“దానియేలు చూచినప్పుడు తెల్లగానే ఉంది మామ్మగారూ” అన్నాను.

ఆమె ముసుగు సవరించుకొని ప్రార్థించింది. చాలాసేపు ప్రార్థించింది. బస్సు వేళ దాటిపోయింది. ఆ రాత్రి ఆ అరుగుమీదనే పండుకొన్నాను.