పారిపోయిన మనిషిని పట్టివ్వమన్న చట్టం

1854 జూన్ 2న బోస్టన్‌లో దుకాణాలు మూతపడ్డాయి. కోర్టు నుంచి రేవుకు వెళ్లే వీధిలో భవనాలకు నల్లగుడ్డలు వేలాడాయి. ఒకచోట వీధికి అడ్డంగా శవపేటికను కట్టారు. దాని మీద ‘స్వేచ్ఛ’ అని రాసి ఉంది. దాదాపు యాభై వేల మంది చూస్తుండగా, సాయుధ సైనికుల మధ్య ఇరవై ఏళ్ల యువకుడిని ఓడ దగ్గరకు నడిపించారు. అతని పేరు ఆంథొనీ బర్న్స్. వర్జీనియాలోని యజమాని నుంచి తప్పించుకుని ఓడలో దాక్కుని వచ్చాడు. బోస్టన్‌లో ఒక బట్టల కొట్టులో పనికి కుదిరాడు. సోదరుడికి రాసిన ఉత్తరం యజమాని కంటపడటంతో ఆచూకీ తెలిసిపోయింది. నగల దుకాణంలో దొంగతనం చేశాడన్న అబద్ధపు నెపంతో అతన్ని పట్టుకున్నారు.

మసాచుసెట్స్‌లో బానిసత్వం అంతరించి అప్పటికి డెబ్బై ఏళ్లు. అలాంటి గడ్డ మీద నుంచి ఒక మనిషిని మళ్లీ బానిసగా ఈడ్చుకుపోయే అధికారం ఇచ్చింది 1850 సెప్టెంబరులో వచ్చిన ‘పారిపోయిన బానిసల చట్టం’. కాలిఫోర్నియాను బానిసత్వం లేని రాష్ట్రంగా చేర్చుకున్నందుకు బదులుగా దక్షిణాది దీన్ని సాధించుకుంది. అధ్యక్షుడు ఫిల్‌మోర్ సంతకం చేశాడు. ఇక గొడవ సద్దుమణిగిందని వాషింగ్టన్‌లో చాలామంది నమ్మారు.

ఆ చట్టం చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పట్టుబడ్డ మనిషి తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకోకూడదు. జ్యూరీ విచారణ ఉండదు. తీర్పు చెప్పే కమిషనర్‌కు బానిసే అని తేల్చితే పది డాలర్లు, కాదంటే అయిదు డాలర్లు. బానిసగా పంపేటప్పుడు కాగితాల పని ఎక్కువ కాబట్టి ఆ తేడా అని సమర్థించుకున్నారు. పారిపోయినవారికి ఆశ్రయమిస్తే వెయ్యి డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు. అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఇంకొకటి ఉంది. మార్షల్ పిలిస్తే దారిన పోయే పౌరుడైనా వేటలో సాయపడాలి.

అమెరికా అంతర్యుద్ధానికి కారణాలు చెప్పేటప్పుడు కొత్త భూభాగాల పంచాయితీనే ముందు చెబుతారు. అది నిజమే. కానీ ఉత్తరాదిలో సామాన్యుడి మనసు విరిచింది ఈ చట్టమేనని నా అభిప్రాయం. అంతవరకు అతనికి బానిసత్వం ఎక్కడో దూరాన పత్తి చేలలో జరిగే సంగతి. ఇప్పుడది గుమ్మంలోకి వచ్చి, నువ్వూ చెయ్యి వెయ్యమంది. హారియెట్ బీచర్ స్టో ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ రాయడానికి పురికొల్పిందీ ఈ చట్టమే.

1851 సెప్టెంబరు 11 తెల్లవారుజామున పెన్సిల్వేనియాలోని క్రిస్టియానా అనే ఊళ్లో జరిగింది చూడండి. మేరీల్యాండ్ రైతు ఎడ్వర్డ్ గోర్సచ్ తన దగ్గర నుంచి పారిపోయినవారి కోసం కొడుకుని, బంధువులని, మార్షల్ తరఫు అధికారిని వెంటబెట్టుకుని విలియం పార్కర్ ఇంటి మీదకి వచ్చాడు. పార్కర్ కూడా ఒకప్పుడు బానిసత్వం నుంచి తప్పించుకున్నవాడే. అతని భార్య ఎలైజా మేడ కిటికీలోంచి కొమ్ము బూర ఊదింది. చుట్టుపక్కల నల్లజాతివారు దొరికిన ఆయుధంతో పరుగెత్తుకొచ్చారు. గోర్సచ్ చనిపోయాడు. పార్కర్ రాచెస్టర్‌లో బానిసత్వ వ్యతిరేక నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ ఇంట తలదాచుకుని, అక్కడి నుంచి కెనడా చేరాడు. ప్రభుత్వం ముప్పై మందికి పైగా దేశద్రోహం కేసు పెట్టింది. మొదట విచారణకు నిలబెట్టింది కాస్ట్‌నర్ హాన్‌వే అనే తెల్లజాతి మిల్లు యజమానిని. వేటలో సాయపడమంటే కాదన్నాడని అతని మీద ప్రధాన ఆరోపణ. జ్యూరీ కొద్ది నిమిషాల్లోనే నిర్దోషి అని తేల్చింది. దక్షిణాది పత్రికలు భగ్గుమన్నాయి.

బర్న్స్‌ను బంధించిన వారంలోనే కాన్సస్‌-నెబ్రాస్కా చట్టం వచ్చింది. బానిసత్వం ఉండాలో వద్దో అక్కడ స్థిరపడ్డవాళ్లే తేల్చుకోవాలంటూ బానిసత్వ వ్యాప్తికి ముప్పై ఏళ్లకు పైగా ఉన్న హద్దును చెరిపేసింది. రెండూ ఒక్కసారే మీద పడేసరికి రాజీ కోరేవాళ్లు కూడా మారిపోయారు. బోస్టన్ బట్టల మిల్లుల వ్యాపారి అమోస్ లారెన్స్ అలాంటివాడే. దక్షిణాది పత్తి మీద నడిచిన కుటుంబం వాళ్లది. రాత్రి మితవాదులుగా పడుకున్నవాళ్లం పొద్దున్నే బానిసత్వ వ్యతిరేకులుగా లేచామన్న అర్థంలో బంధువుకి ఉత్తరం రాశాడు. కాన్సస్‌కు వలసవెళ్లేవారికి డబ్బు సమకూర్చాడు. అక్కడ అతని పేరుతో వెలిసిన లారెన్స్ పట్టణాన్ని 1856లో బానిసత్వ పక్షంవాళ్లు దోచుకున్నారు. బర్న్స్‌ను తిప్పి పంపిన మరుసటి ఏడాదే బోస్టన్ నల్లజాతి చర్చివాళ్లు చందాలు పోగేసి 1,300 డాలర్లకు విడిపించారు. అతను ఓబర్లిన్‌లో చదువుకుని, కెనడాలో పాస్టర్ అయ్యాడు. ఇరవై ఎనిమిదేళ్లకే కన్నుమూశాడు.

దక్షిణాది పోరాడింది రాష్ట్రాల హక్కుల కోసమేనని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు విస్కాన్సిన్ సంగతి చూడాలి. ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1859లో ఆ తీర్పును కొట్టేసింది దేశ సుప్రీంకోర్టు. రెండేళ్ల ముందు డ్రెడ్ స్కాట్ కేసులో నల్లజాతివారు ఈ దేశ పౌరులు కాలేరని రాసిన ప్రధాన న్యాయమూర్తి టేనీయే ఈ తీర్పూ రాశాడు. దక్షిణాదికి అప్పుడు రాష్ట్రాల హక్కు గుర్తు రాలేదు. 1860 డిసెంబరులో యూనియన్ నుంచి వైదొలగుతూ సౌత్ కరోలినా ప్రకటించిన కారణాల్లోనూ పారిపోయిన బానిసలను ఉత్తరాది రాష్ట్రాలు అప్పగించడం లేదన్న ఫిర్యాదే ప్రముఖంగా ఉంది. తిప్పి పంపకుండా తమ హక్కు వాడుకుంటున్నాయన్నదే ఆ రాష్ట్రాల మీద నేరారోపణ.

1861 మే 23 రాత్రి, యుద్ధం మొదలై ఆరు వారాలైనా కాకముందే, ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు పడవలో వర్జీనియా తీరంలోని మన్రో కోట చేరారు. అది ఉత్తరాది సైన్యం చేతిలో ఉంది. మర్నాడు యజమాని తరఫున ఒక అధికారి తెల్లజెండా పట్టుకుని వచ్చి, చట్టం ప్రకారం వాళ్లని అప్పగించమన్నాడు. కోట అధిపతి బెంజమిన్ బట్లర్ మసాచుసెట్స్ లాయరు. మీది వేరే దేశమని మీరే అంటున్నారు, కాబట్టి ఆ చట్టం మీకు వర్తించదన్నాడు. ముగ్గురినీ కోటలోనే ఉంచుకున్నాడు. కొద్ది వారాల్లోనే వందల మంది పిల్లాపాపలతో అదే కోటకు దారి పట్టారు. కాంగ్రెస్ ఆ చట్టాన్ని 1864 జూన్‌లో రద్దు చేసింది.